సున్నా రోజులు

నా బల్లకూ జనానికీ మధ్య ఇనుప జాలీ ఉండేది. అందులో పార్సిల్ రసీదు పట్టేంత కంత ఒకటి. నిజామాబాద్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నేను డెలివరీ క్లర్కుని. తొంభైల మొదట్లో సంగతి. పొద్దున ఏడింటికి బోధన్‌లో బస్సెక్కితే మళ్లీ బోధన్‌లో దిగేసరికి చీకటి పడేది. అప్పటికి మూడేళ్ల నా కూతురు నిద్రపోయి ఉండేది. మా కంపెనీకి బోధన్‌లో కూడా చిన్న కౌంటర్ ఉంది, మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ కౌంటర్‌కి బదిలీ తప్ప ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు లోకశాంతి కోసం ప్రార్థించమన్నా నేను బోధన్ కౌంటర్ కోసమే ప్రార్థించేదాన్ని.

ఆ ఏడు హైదరాబాద్ హెడ్ ఆఫీసు వాళ్లు ఒక ఫారం పంపడం మొదలుపెట్టారు. పార్సిల్ మా గోదాముకి చేరిన తారీఖు ఒక గడిలో, మనిషి అందుకుని సంతకం చేసిన తారీఖు ఇంకో గడిలో, పట్టిన రోజులు మూడో గడిలో రాయాలి. సున్నా అయితే గొప్ప, ఒకటి అయితే బాగు, మూడు దాటితే కింద ఎర్ర గీత. శనివారం వాళ్లు ఫోన్ చేస్తే నూటికి ఎన్ని సున్నాలో చెప్పాలి. ఫోన్ మోగితే మా మేనేజర్ సార్ కుర్చీలోంచి లేచి నిలబడి ఎత్తేవాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు.

మా సున్నాలు తక్కువే ఉండేవి. పార్సిళ్లు చేరక కాదు, సంతకాలు చేరక. కోటగిరి, చందూర్ వైపు వ్యాను వెళ్లే వేళకి దుకాణదారులు పొలానికి నీళ్లు కట్టడానికి పోయి ఉండేవాళ్లు. డ్రైవరు సామాను అరుగు మీద దించేసి వచ్చేవాడు. సంతకం మళ్లీ వారం దొరికేది. అందింది మంగళవారమే అయినా ఫారంలో ఏడు రోజులు పడేది. సార్ వారానికోసారి నా మీద విసుక్కునేవాడు.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. ఎప్పుడూ సామాను తెప్పించుకునే దుకాణదారులు ఆఫీసుకి వచ్చినప్పుడు జాలీ లోపలికి పిలిచి రిజిస్టర్‌లో వాళ్ల పేజీ తెరిచి, పైనుంచి కింద దాకా ఖాళీ గీతల మీద ముందే సంతకాలు పెట్టించుకున్నాను. ఒక్కరూ కాదనలేదు. కోటగిరిలో సైకిల్ షాపు నడిపే ఆయన నవ్వుతూ పెట్టాడు.

"నమ్మకం మీదనే గద అక్కా దుకాణం నడిచేది. ఇంకో పేజీ ఉన్నదా?" అన్నాడు.

ఇంకో పేజీ కూడా ఇచ్చాను.

ఇక నా పని తేలికైపోయింది. పొద్దున లారీ కాగితాలు రాగానే, సామాను ఇంకా లారీ దిగక ముందే, ఆ సంతకాల పక్కన ఆనాటి తారీఖు వేసి సున్నా రాసేసేదాన్ని. రెండు నెలల్లో మా బ్రాంచి పైకి పాకింది. సార్ నాకు ఇరానీ చాయ్ తెప్పించి, "గీ నంబరు ఏడాది నిలబెట్టు తల్లీ, బోధన్‌కు నేనే రాస్త" అన్నాడు. నా అంత తెలివైనది జిల్లాలో లేదనుకున్నాను.

జూన్‌లో వానలు పడ్డాక సైకిల్ షాపు ఆయన వచ్చి కంతలోంచి ఒక రసీదు లోపలికి తోశాడు. ఈసారి టైర్లు కావు. ఆయన బిడ్డకి ఎడమ కాలు పోలియో. ఎండాకాలంలో హైదరాబాద్ తీసుకెళ్లి, నడవడానికి కాలికి తొడిగే క్యాలిపర్‌కి కొలతలు ఇచ్చి వచ్చాడు. రెండు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర కీలు, కింద బూటు. తయారయ్యాక మా లారీకే వేశారట.

"ఐదు దాక బడి మా గల్లీలనే ఉండె అక్కా, ఎత్తుకపోయి కూసోవెడుతుంటిమి. ఆరుకు హైస్కూల్ ఊరి అవతల. పెద్ద పోరీల ముంగట నన్ను ఎత్తుకపోతే నేను రాను, క్యాలిపర్ వస్తే నడిచి పోత అంటున్నది. పేరు రాపిచ్చిన గని ఇంట్లనే ఉంటున్నది. వచ్చిందా?"

రిజిస్టర్ తిప్పాను. వచ్చి పన్నెండు రోజులైంది. ఆయన సంతకం ఉంది. పక్కన నా చేతిరాతలో తారీఖు, ఆ పక్కన గుండ్రంగా సున్నా.

"చూస్త అన్నా. మళ్ల వారం రా" అన్నాను.

హమాలీని వెంటబెట్టుకుని గోదాం వెతికాను. ముందు భాగం అంతా చూశాం. వెనక బీడీ ఆకు బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి, వాటిని కదిలించాలంటే పది మంది కావాలి. డ్రైవర్ని అడిగితే కోటగిరివి అన్నీ దించానన్నాడు. లారీ ఏ ఊళ్లో ఏం దించిందో హెడ్ ఆఫీసు వాళ్లు వెతకగలరు. కానీ అందని పార్సిల్‌నే వాళ్లు వెతుకుతారు. ఇది అందింది. అందిందని రాసింది నేనే.

సార్‌కి జరిగింది చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"అందలేదని ఇప్పుడు రాస్తే, సంతకం ఎట్ల వచ్చిందని అడుగుతరు. గా ఒక్క గీత గుంజితే పేజీలన్నీ వస్తయి తల్లీ. నీ కొలువు పోతది, నాది పోతది. యాడనో ఉంటది, దొరుకుతది తియ్."

ఆయన నన్ను బెదిరించాడని చెప్పుకుంటే నాకు బాగుంటుంది. కానీ బెదిరించలేదు. నేనే తలూపాను. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను పడటమే కాక, నడవలేని పిల్లను కూడా లాగాను.

సైకిల్ షాపు ఆయన రెండుసార్లు వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు సార్ స్వయంగా కౌంటర్ దగ్గరికి వచ్చి రిజిస్టర్ జాలీకి ఆనించి చూపించాడు.

"గిది నీ సంతకమేనా?"

ఆయన వంగి చూశాడు. "నాదే సార్."

"మరింకేంది?"

"సంతకం నాదే సార్. పార్సిల్ రాలే."

చెప్పి, నా వైపు చూశాడు. సంతకాలు ముందే పెట్టించుకున్నది ఈమే అని వేలు చూపిస్తే చాలు. చూపించలేదు. నేను తేలు కుట్టిన దొంగలా కాగితాలకి గుండుసూదులు గుచ్చుతూ కూర్చున్నాను. ఆయన రసీదు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆయన టైర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి, నేను సున్నాలు రాస్తూనే ఉన్నాను. పొద్దున బస్సు కిటికీలోంచి పుస్తకాల సంచులతో పోయే ఆడపిల్లలు కనిపిస్తే కళ్లు మూసుకునేదాన్ని.

చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైన వారం హెడ్ ఆఫీసు నుంచి పెద్దసారు వస్తున్నాడని తెలిసింది. సున్నాల్లో మాది మొదటి బ్రాంచి అయిందట. గోదాముకి సున్నం వేయాలని బీడీ ఆకు బస్తాలన్నీ బయటికి మోయించారు. వాటి వెనక గోడకి ఆనుకుని గోనెసంచిలో చుట్టిన పొడవాటి పార్సిల్ నిలబడి ఉంది. హమాలీ దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కోటగిరి చిరునామా ఇంకా కొత్తగానే ఉంది.

మర్నాడు పెద్దసారు వచ్చి మాకు గోడగడియారం ఇచ్చాడు. నేను ధైర్యం చేసి బోధన్ మాట ఎత్తాను. ఆయన నవ్వాడు. "నీవల్లనే కదమ్మా ఈ నంబరు. నిన్ను పంపితే ఇక్కడ ఎవరున్నారు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా మొహం మీద కూడా నవ్వుంది, ఎలా వచ్చిందో తెలీదు.

తెల్లవారి సెలవు పెట్టి, పార్సిల్ ఒళ్లో పెట్టుకుని కోటగిరి బస్సెక్కాను. సంచిలో రిజిస్టర్ కూడా ఉంది. ఆ గీత కొట్టేసి, నిజమైన తారీఖు వేసి, ఆయనతో మళ్లీ సంతకం పెట్టించుకుందామని. కొలువు పోతే పోయిందని దారంతా అనుకుంటూ పోయాను.

ఆయన పంక్చర్ వేస్తున్నాడు. గోనెసంచి చూడగానే ట్యూబు కింద పెట్టి లోపలికి పిలిచాడు. అమ్మాయి మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ వచ్చింది. నేను చిన్నపిల్ల అనుకున్నాను. పొడుగ్గా ఉంది.

మంచం మీద కూర్చోబెట్టి ఆయనే తొడిగాడు. బూటులోకి వేళ్ల దాకా వెళ్లింది, మడమ పట్టలేదు. బూటు వదిలేసి కడ్డీలు కాలికి ఆనించి చూశాడు. కీలు మోకాలి కిందికి వచ్చింది. ఆయన ఆ సందులో బొటనవేలు పెట్టాడు. కొలతకీ కాలికీ బొటనవేలు మందం తేడా.

"బాపు, గిది వేరే పిల్లది" అంది అమ్మాయి.

ఆయన పట్టీలు ఒక్కొక్కటీ విప్పాడు.

బయటికి వచ్చాక జరిగిందంతా చెప్పాను, బస్తాల సంగతి, సున్నాల సంగతి, బోధన్ కౌంటర్ సంగతి కూడా. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. రిజిస్టర్ తెరిచి పెన్ను ఇచ్చాను.

"ఈడ ఇవ్వాల్టి తారీఖు ఏస్త అన్నా. పక్కన ఒక్క సంతకం పెట్టు."

పెన్ను తీసుకున్నాడు. తన పాత సంతకం మీద కాసేపు చూపు నిలిపాడు.

"ఒకసారి సామాను చూడకుంట పెట్టిన అక్కా. ఇప్పుడు పనికిరాని సామాను చూసి పెట్టమంటవా? పెట్ట." పెన్ను నా చేతిలో పెట్టి, పంక్చర్ వేయడానికి కూర్చున్నాడు.

ఎండాకాలంలో మళ్లీ కొలతలు ఇచ్చి వచ్చారనీ, పిల్ల మరుసటేడు ఆరులో చేరిందనీ తర్వాత డ్రైవర్ చెప్పాడు. నేను ఆ జాలీ వెనకే ఇంకో పదకొండేళ్లు పనిచేశాను. ముందస్తు సంతకాలు మళ్లీ పెట్టించుకోలేదు. మా నంబరు పడిపోయింది, సార్ విసుగు మళ్లీ మొదలైంది. బోధన్ మాట నేను మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజు కోటగిరి నుంచి తిరిగొస్తూ బస్సులో రిజిస్టర్ ఒళ్లో తెరిచి చాలాసేపు కూర్చున్నాను. అందుకున్న మనిషి సంతకం లేకుండా తారీఖు మార్చకూడదని ఆ పేజీ కిందే అచ్చువేసి ఉంది. అది చదివినప్పుడు నాకు ముందు కలిగింది బాధ కాదు. హమ్మయ్య అనిపించింది. రిజిస్టర్ మూసేశాను. ఆ గడిలో సున్నా అలాగే ఉండిపోయింది.