ఎర్రగీత పడిన నా ఉత్తరం

మొన్న ఫోన్‌లో కొనుక్కున్న ఒక నవల చదవడం పూర్తయ్యాక, మన ఈడువాళ్లకు అలవాటైన పద్ధతిలో పక్కింటావిడకు ఇద్దామని చూస్తే, దీన్ని మరొకరికి ఇచ్చే వీలు లేదని తెర మీద కనిపించింది. అలాంటి మాట నేను మొదటిసారి చదివింది ఎనభైల చివర, హైదరాబాద్ పాతబస్తీ దబీర్‌పురాలో, మా అన్న పేరు మీద వచ్చిన వకీలు నోటీసులో.

అన్న రైల్వే స్టేషన్ దగ్గర టైపు పనుల దుకాణం నడిపేవాడు. సర్కారు నౌకరీ రాగానే కంప్యూటర్నీ, ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రామ్ ఉన్న ఫ్లాపీలనూ మా గల్లీలో ప్రింటింగ్ ప్రెస్ పెట్టుకున్న చాచాకు అమ్మేశాడు. పాడి మీద బతికిన మా బాపుకు మాత్రం ఆ బేరం సగమే అయినట్టు తోచింది.

"బర్రెనమ్మితే పలుపు గూడ చేతికియ్యాలె బిడ్డా. గా ప్రోగ్రామ్ కంపెనీల చాచా పేరు రాయించు, రేపు ఆయనకు లొల్లి గావద్దు" అన్నాడు నాతో.

నలుగురిలో నోరు విప్పలేని నేను, డైరీలో మూడుసార్లు దిద్దుకుని, మీ ప్రోగ్రామ్‌ను ఫలానా వారికి అమ్మాము, దయచేసి పేరు మార్చండి అని ఇంగ్లీషులో గుండ్రటి అక్షరాలతో రాసి, లోలోపల ఎంతో గర్వపడ్డాను.

జవాబుగా నోటీసు వచ్చింది. మీకు ఇచ్చింది వాడుకునే అనుమతి మాత్రమే, ఫ్లాపీలు వెనక్కి తెప్పించి నాశనం చేయకపోతే కోర్టుకు లాగుతామని. సాక్ష్యంగా నా ఉత్తరం నకలే జతచేశారు, 'అమ్మాము' అన్న మాట కింద ఎర్రగీతతో.

"మంచిగ రాసినవ్ తియ్యి, వకీలుకు పనే లేకుంట జేసినవ్" అన్నాడు అన్న. కేసు పడితే కొత్త నౌకరీ పోతుందని అతని భయం.

అన్న ఆ ప్రోగ్రామ్ కొన్నప్పటి బిల్లు వెతికి చూశాను. అందులో అమ్మకం అనే ఉంది, తిరిగి అమ్మకూడదని ఒక్క ముక్క లేదు. డైరీలో నాలుగు పేజీల జవాబు రాసుకుని, నా ఉత్తరం చేసిన చేటు చాలనుకుని ఎవరికీ చూపించలేదు.

బాపే వెళ్లి ఫ్లాపీలు అడిగాడు. "నేనేమన్న దొంగమాల్ కొన్ననా భాయ్?" అన్నాడు చాచా. ఇచ్చేశాడు, డబ్బు మాత్రం వెనక్కి తీసుకోలేదు. కంపెనీ మనిషి మా అరుగు మీద కూర్చుని చూస్తుండగా బాపు వాటిని కత్తెరతో ముక్కలు చేశాడు. చాచా మా పాలు మానలేదు గానీ, గిన్నె అందుకునేటప్పుడు బాపు మొహం చూడటం మానేశాడు.

ఇప్పుడు అమ్మినవాడే పలుపు తన చేతిలో ఉంచుకుంటున్నాడు, మనం దాన్నే కొనడం అనుకుంటున్నాం. పక్కింటావిడకు ఆ నవల కథ నోటితోనే చెప్పాను. ఆ నాలుగు పేజీలున్న డైరీ మాత్రం ఇంకా నా దగ్గర ఉంది. దాన్ని ఎవరికైనా ఇచ్చే హక్కు నాదే. ఇవ్వవలసిన బాపూ చాచా ఇద్దరూ ఇప్పుడు లేరు.