కండక్టరమ్మ నిలబడే తీరు

బస్సుల్లో కండక్టర్లను తీసేసి మిషన్లు పెట్టి రెండేళ్లయినా, ఆ డిపోలో అందరికీ ఆవిడ ఇంకా కండక్టరమ్మే. ఇప్పుడు ఆవిడ పని పాసుల కౌంటర్లో, అద్దం వెనక, గిర్రున తిరిగే కుర్చీలో. పద్దెనిమిదేళ్లు నిలబడి ఉద్యోగం చేసిన మనిషిని తీసుకెళ్లి కూర్చోబెడితే కాళ్లు ఊరుకుంటాయా? మధ్యాహ్నానికల్లా పిక్కలు పీకేవి. ఫొటో మీద ముద్ర గుద్దడానికి కూడా లేచి నిలబడేది. "కూర్చోండమ్మా, మీ మొహం కనబడటం లేదు, ఎవరితో మాట్లాడాలి?" అని వరసలో వాళ్లు గొడవపెట్టేవారు.

కాళ్ల సంగతి ఎలా ఉన్నా, ఆవిడ మనసులో బాధ వేరే. ఆ పద్దెనిమిదేళ్లూ ఆవిడ ఎక్కిన బస్సును నడిపింది ఒక్కడే మనిషి. మొదటి ఏడాది ఆయన్ని 'డ్రైవరు గారూ' అని పిలిచింది, పెళ్లయ్యాక 'ఏవండీ' అంది. సీటు ఆయనది, సీటు వెనక నిలువు రాడ్డు ఆవిడది. దెబ్బలాటలూ రాజీలూ అన్నీ అక్కడే, స్టాపుకీ స్టాపుకీ మధ్య జరిగిపోయేవి. ఇప్పుడేమో పొద్దున్నే ఆయనకు పుక్కిలించడానికి ఉప్పేసిన గోరువెచ్చని నీళ్లు ఇచ్చి పంపిస్తే, మళ్లీ చీకటిపడ్డాకే చూడటం. ఆ నీళ్లెందుకంటే, ఆయనకు ఎన్నాళ్లనుంచో ఒక పొడిదగ్గు. ఎంత పుక్కిలించినా పోదు.

ఇద్దరూ కలిసి చేసే పని ఇక ఆదివారం ఆట ఒక్కటే మిగిలింది. డిపో వెనక పార్కులో డిస్క్ గోల్ఫ్. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. పళ్లెమంత ప్లాస్టిక్ డిస్కు, దూరంగా ఒక స్తంభానికి ఇనప బుట్ట, బుట్ట పైన వేలాడే గొలుసులు. తక్కువ విసుర్లలో డిస్కును బుట్టలో వేసినవాళ్లది గెలుపు. జంటలుగా ఆడేటప్పుడు డిపో వాళ్లకు ఒక పద్ధతి ఉంది. దూరం నుంచి ఒకరు విసరాలి, దగ్గరికొచ్చాక రెండోవాళ్లు బుట్టలో వేయాలి. డ్రైవరు విసిరితే డిస్కు, స్టాపులో బస్సు ఆగినట్టు, బుట్టకు పదిహేనడుగుల్లో ఆగేది. అక్కణ్ణుంచి కండక్టరమ్మ తప్పేది.

వరసగా మూడు ఆదివారాలు చివరి బుట్ట దగ్గర ఆవిడే తప్పింది. మూడుసార్లూ డిస్కు గొలుసుల మీదుగా ఎగిరి అవతల పడింది. జంటలు కట్టే పని డిపో గుమస్తాది, ఆయన మొహమాటం లేని మనిషి. "ఈ ఆదివారం చివరి బుట్ట కూడా తప్పితే డ్రైవరు గారికి జంటగా మెకానిక్‌ని పెడతానమ్మా. ఏమీ అనుకోకండి" అన్నాడు. ఏమీ అనుకోకుండా ఎలా ఉంటుంది? మెకానిక్ మంచివాడే. కానీ అతనికి డ్రైవరును చూడటానికి వారంలో ఏడు రోజులున్నాయి, ఈవిడకున్నది ఒక్క ఆదివారం.

డ్రైవరు నడుం కట్టాడు. ఫోన్లో వీడియోలు చూసి, హాల్లో నేల మీద సుద్దముక్కతో రెండు పాదాలు గీశాడు. కుడిది ముందు, ఎడమది వెనక.

"బరువు వెనక్కాలి మీద ఉంచు. మెల్లిగా ముందుకాలి మీదికి తీసుకురా. చెయ్యి చాచి, షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు వదిలెయ్. వదిలాక తూలకు. డిస్కు ఆగినచోట గీసే గీత దాటి అడుగు పడిందా, ఆ విసురు చెల్లదు."

మాసిన బట్టల బుట్టను గోడకు ఆనించి, గిన్నెల మూతలతో సాధన మొదలైంది. ఆయన డ్యూటీకి వెళ్లాక ఆవిడ ఒక్కతే విసిరితే పదికి పది మూతలూ బుట్టలోనే. ఆయన వచ్చి పక్కన నిలబడి "ఏదీ, వెయ్యి" అని ఖళ్లుమని దగ్గేసరికి మూత ఎగిరి గోడకు తగిలేది.

"మీరు చూస్తుంటే నాకు చేతులాడవు" అంది.

"పెళ్లయి పందొమ్మిదేళ్లయింది. ఇంకా సిగ్గేంటి?" అన్నాడు ఆయన. బుధవారం గోడగడియారం అద్దం పగిలింది.

ఆదివారం వీళ్లకు పోటీగా దిగింది కండక్టరమ్మ సొంత అక్కా బావా. అక్కకు నోరెక్కువ, చూపు అంతకంటే ఎక్కువ. చివరి బుట్ట దాకా రెండు జంటలూ సమానంగా వచ్చాయి. చివరిదాన్ని అక్కావాళ్లు మూడు విసుర్లలో ముగించారు. డ్రైవరు ఒక్క విసురుకే డిస్కును పదిహేనడుగుల దగ్గర దించాడు. కండక్టరమ్మ వేస్తే గెలుపు. తప్పితే ఇంకో విసురుతో సమానం చేయొచ్చు గానీ, తప్పడం తప్పడమే. గుమస్తా కాగితం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

ఆవిడ కుడికాలు ముందు, ఎడమకాలు వెనక పెట్టింది. పక్కన డ్రైవరు దగ్గాడు.

"ఆగవే!" అంది అక్క. "ఆయన దగ్గినప్పుడల్లా నువ్వలా వెనక్కి వాలిపోతావేంటి?"

"నేనా?"

"నువ్వే. పోయినవారం కూడా చూశాను. ఆయన దగ్గుతాడు, నీ నడుం వెనక్కి పోతుంది, డిస్కు ఆకాశంలోకి పోతుంది."

"నువ్వు ఏ జట్టే?" అని బావ తల పట్టుకున్నాడు.

కండక్టరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు డ్యూటీలో చేరిన మొదటివారం నేను గట్టిగా బ్రేకు వేస్తే, రాడ్డుకు గడ్డం కొట్టుకున్నావు, గుర్తుందా?"

ఆవిడ చెయ్యి గడ్డం కింద మచ్చ మీదికి పోయింది.

"అప్పట్నుంచి బ్రేకు తొక్కే ముందు దగ్గేవాణ్ణి. నువ్వు కాస్త వెనక్కి వాలి నిలబడేదానివి. బస్సునిండా జనం ఉంటే, ప్రతిసారీ 'జాగ్రత్తండీ' అనడం బాగోదు కదా. అదే అలవాటైపోయింది. ఇప్పుడు కంగారుపడితే దానంతటదే వచ్చేస్తోంది."

"మరి నేను ఇన్నేళ్లూ ఉప్పునీళ్లు..."

"పుక్కిలించాను కదా."

"చెప్పొచ్చు కదండీ!"

"మొదట్లో మొహమాటం. పెళ్లయ్యాక నువ్వు పొద్దున్నే లేచి నీళ్లు కాచి ఇవ్వడం మొదలుపెట్టావు. ఇక చెప్పబుద్ధి కాలేదు."

కండక్టరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎంత బ్రేకు పడినా తూలని కండక్టరని డిపోలో తనకు పేరు. అది తన కాళ్ల గొప్పే అనుకుని పద్దెనిమిదేళ్లు మురిసిపోయింది. ఆ పేరులో సగం ఆయన గొంతుదని ఇప్పుడు తెలిసింది.

"నేను ఆ చెట్టు వెనక నిలబడతాలే, నువ్వు వెయ్యి" అన్నాడు డ్రైవరు.

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇక్కడే ఉండి దగ్గండి."

ఆవిడ వెనక్కాలిని ముందుకు తెచ్చేసింది. రెండు పాదాలూ ఒకే వరసలో, భుజాలకంటే ఎడంగా, రెండూ బుట్టవైపే. కిక్కిరిసిన బస్సులో, వెనక్కి వాలే చోటు లేని రోజుల్లో నిలబడ్డ తీరు అది. ఈ ఆటలో అలా నిలబడి వేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారట. డ్రైవరు వీడియోలను అంతదాకా చూడలేదు, అంతే.

ఆయన దగ్గాడు. వాలడానికి వెనక కాలు లేదు. మోకాళ్లు మెత్తగా వంగి నడుం కిందికి దిగింది. "రైట్ రైట్" అనుకుంది ఆవిడ లోలోపల. బస్సు కదిలినట్టే మోకాళ్లు లేచాయి, వాటితోపాటే చెయ్యి బుట్టవైపు సాగింది. గొలుసులు గలగలమన్నాయి. డిస్కు బుట్టలో పడింది. ఆవిడ పాదాలు గీత వెనక పెట్టినచోటే ఉన్నాయి.

గుమస్తా కాగితంలో మెకానిక్ పేరు కొట్టేశాడు. బావ ఇంటిదాకా అక్కతో మాట్లాడలేదు.

సోమవారం పొద్దున డ్రైవరు యూనిఫారం వేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. గట్టు మీద గ్లాసు లేదు.

"నీళ్లేవీ?"

"దగ్గు లేదన్నారుగా" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

ఆయన చిన్నగా దగ్గాడు. ఆవిడ నడుం కాస్త వెనక్కి వాలింది. నవ్వుకుంటూ స్టవ్ వెలిగించి, ఉప్పు డబ్బా అందుకుంది.