రత్తమ్మగారి పెరట్లో వాడిపోయిన వంగ

1986 నవంబరులో నన్ను వ్యవసాయ శాఖ తెగుళ్ళ విభాగంలో సహాయ అధికారిణిగా పొదిలికి వేశారు. మిరప, పత్తి చేలు తిరిగి జబ్బుపడ్డ మొక్కలను పరీక్షించి, రైతుకు కారణం చెప్పడం నా పని. శాఖ ఇచ్చిన మైక్రోస్కోపులో ఒక కంటితోనే చూడాలి. దానికి దీపం లేదు. అడుగున ఉన్న చిన్న అద్దాన్ని తిప్పి ఆకాశపు వెలుగును నమూనా మీదికి పంపాలి. మబ్బు పడితే పని ఆగిపోయేది.

చేరిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం పక్క ఊరి రైతు వెంకటసుబ్బయ్యగారు ఆఫీసుకు వచ్చారు. ఆయన పెరట్లో వంగ, టమాటా మొక్కలు ఉన్నట్టుండి నిలువునా వాడిపోయాయట. ఎవరో పురుగుమందు పోశారని, మనిషిని పట్టుకుని కూర్చోబెట్టామని, నేను చూసి రాసిస్తే పోలీసు స్టేషనుకు తీసుకెళ్తామని చెప్పారు. మైక్రోస్కోపు పెట్టె తీసుకుని ఆయన వెంట బయల్దేరాను.

పెరటి దడి పక్కన యాకోబు అనే కూలీ గొంతుకూర్చుని ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. చుట్టూ మగవాళ్ళు మూగి ఉన్నారు. అతను ఏళ్ళ తరబడి వెంకటసుబ్బయ్యగారి మిరపతోటకు మందు కొట్టినవాడు. ఆ ఏడు వేరే రైతు దగ్గరికి పనికి వెళ్ళడంతో ఇద్దరికీ మాటామాటా పెరిగింది. దడి దగ్గర అతని పాత మందు డబ్బా దొరికింది.

"ఆ డబ్బా నేను బయలుకి పోయేటప్పుడు నీళ్ళకి పట్టుకెళ్ళేదండీ. మొక్కల మీద నాకేం కోపం?" అన్నాడు యాకోబు.

"నోరుముయ్యరా," అన్నాడు గుంపులో ఒకడు.

ఇంటావిడ రత్తమ్మగారి భయం వేరు. "నిన్న ఆ కాయలే కూర చేశానమ్మా. పిల్లలు తిన్నారు. ఏమన్నా అవుద్దా?" అని నా చెయ్యి పట్టుకుంది. తెగులని నేను పొరపాటుగా చెబితే ఆ పిల్లలకు ముప్పు. మందని పొరపాటుగా చెబితే యాకోబు ఆ పెరట్లోంచి తన కాళ్ళ మీద వెళ్ళడు.

ముందు పాదులన్నీ తిరిగి చూశాను. వంగ ఆకులు పచ్చగా ఉండగానే వేలాడుతున్నాయి. మాడిన మచ్చల్లేవు. వాటి మధ్యే మొలిచిన గోంగూర, బెండ, గడ్డి బాగానే ఉన్నాయి. ఎండుతెగులని అనుమానం కలిగింది. కాండంలో నీరు పైకెక్కే దారుల్లో బాక్టీరియా పెరిగి వాటిని మూసేస్తుంది. దాహంతో చచ్చినట్టు మొక్క చస్తుంది. కాండం ముక్కను నీటిచుక్కలో పెడితే ఆ బాక్టీరియా తెల్లటి పొగలా బయటికి వస్తుంది.

బ్లేడుతో పల్చటి ముక్క కోసి, గాజుపలక మీద నీటిచుక్కలో పెట్టి చూశాను. ఏమీ రాలేదు. అద్దం సర్దాను. అయినా రాలేదు.

"ఏం కనపడిందమ్మా?" అన్నారు వెంకటసుబ్బయ్యగారు.

"ఏమీ కనపడలేదు," అన్నాను. ఇద్దరు మనుషులు యాకోబు రెక్కలు పట్టి లేపారు. దడి అవతల నిలబడ్డ అతని భార్య మరియమ్మ చేతులు జోడించింది, ఎవరికో నాకు తెలియలేదు.

ఆగమని గట్టిగా చెప్పి, నేను కోసిన మొక్కను మళ్ళీ చూశాను. అది పూర్తిగా ఎండిపోయిన మొక్క. అందులో పొగ రాకపోవడం సహజమే. ఆ ఉదయమే వాడిందన్న మొక్కను అడిగి పీకించి, వేరుకు దగ్గరగా కోశాను. ఈలోగా మబ్బు కమ్మింది. వెలుగు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా వాళ్ళు యాకోబును వదల్లేదు.

మబ్బు తొలగింది. ముక్క అంచు నుంచి తెల్లటి దార సన్నగా కదిలి, చిక్కబడి, నీటిలోకి వ్యాపించింది. వెంకటసుబ్బయ్యగారిని చూడమన్నాను.

"పొగలాగా వస్తంది," అన్నారాయన. తర్వాత గోంగూర కాడ కోసి చూపించాను. "దీంట్లో ఏం లేదు," అన్నారు నెమ్మదిగా.

ఒక్కొక్కరే వంగి చూశారు. మరియమ్మ దడి దాటి వచ్చి, "నేను చూడొచ్చాండీ?" అంది. ఎవరూ కాదనలేదు. అందరికంటే ఎక్కువసేపు చూసింది ఆమే.

మందు పొయ్యలేదని రాసిస్తారా అని వెంకటసుబ్బయ్యగారు అడిగారు. మందు ఉందో లేదో ఈ పరికరం చెప్పదని, మొక్కలను చంపడానికి ఈ బాక్టీరియా చాలని, మందే అయితే పక్కనున్న గడ్డి కూడా మాడేదని చెప్పాను. ఈ తెగులు మనుషులకు సోకదని రత్తమ్మగారికి చెప్పి, అయినా పిల్లలకు వాంతులు, చెమటలు కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఆ తర్వాత కూడా పిల్లలకు ఏమీ కాలేదు. నారు ఎక్కడిదని అడిగితే, తాడేపల్లి వైపు నుంచి తనే తెచ్చానన్నారు వెంకటసుబ్బయ్యగారు. తెగులు నారుతో వచ్చిందో, మట్టిలోనే ఉందో తేల్చలేనన్నాను. మొక్కలు పీకి కాల్చమని, ఆ పెరట్లో పారిన నీరు మిరపచేలోకి పోనివ్వొద్దని చెప్పాను. మిరపకూ అది సోకుతుంది.

"పోరా, ఇంటికి పో," అన్నారాయన యాకోబుతో. మరుసటి ఏడు యాకోబు, మరియమ్మ దాచేపల్లి వైపు క్వారీ పనికి వెళ్ళిపోయారని విన్నాను.

ఆ తర్వాత నా కింద పనిచేసినవాళ్ళకు రెండు సంగతులు చెప్పేదాన్ని. చచ్చిన మొక్క కంటే ముందు దాని పక్కన బతికి ఉన్నదాన్ని చూడండి. "కనపడలేదు" అనే మాటను ఒంటరిగా వదలకండి. దాన్ని "లేదు" అని వినడానికి జనం సిద్ధంగా ఉంటారు.