హిరొనారి బిళ్ళ

మా పక్కింటి కైలాసానికి పద్ధతంటే పిచ్చి. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుగని ల్యాంపు రూములో పనిచేశాడాయన. గనిలోకి దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ పట్టుకుపోవాలి. గోడమేకులకు తగిలించిన బిళ్ళల్లో ఒక్కటి మిగిలినా కైలాసం ఇంటికి కదిలేవాడు కాదు. ఓసారి రాయమల్లు దీపం తిరిగివ్వకుండా నడుముకే కట్టుకుని ఇంటికెళ్లి నిద్రపోతే, ఈయన గనంతా వెతికించి, చివరికి అతని మంచం దగ్గరికే పోయి నానా తిట్లూ తిట్టాడు.

రిటైరయ్యాక శ్రీరాంపూర్‌లో ఊరికే కూర్చోలేక గ్రంథాలయంలో దూరాడు. అక్కడ జపాను చరిత్ర పుస్తకమొకటి చేతికి చిక్కింది. అందులో పదమూడు వందల ఏళ్ల కిందటి హిరొనారి అనే దొర కథ ఉంది. రాజుగారి కొలువులో పద్యాలు చెప్పుకుంటూ హాయిగా ఉన్నవాణ్ణి, ఉత్తరాన మంచు కురిసే మారుమూలకు అధికారిగా పంపారు. అక్కడి జనం శిస్తు కింద బట్ట నేసి ఇచ్చేవారట. ఆ బట్ట కొలిపిస్తూ, చలికి వణుకుతూ, రాజధానిలోని భార్యకు ఉత్తరాలు రాస్తూ నాలుగేళ్ల గడువు పూర్తిచేశాడు. గుర్రానికి జీను కట్టారు. ఆ తర్వాతి పేజీలు చెదలు తిన్నాయి.

ఇంకేముంది! కైలాసానికి అన్నం సహించలేదు.

"గంత మంచుల బయల్దేరిండు. మనిషి తిరిగొచ్చిండా, రాలేదా?" అంటూ గ్రంథాలయం చూసుకునే ఉమారాణి ప్రాణం తీశాడు. అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, హిరొనారి పేరు రాసి, ఇంట్లో గోడమేకుకు తగిలించాడు. ఎప్పుడో చచ్చినవాడి కోసం ఈ ఆరాటమేమిటని కాలనీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మనవరాలు అమూల్య వారం రోజులు ఫోనులో గాలించింది. ఆదివారం పొద్దున నేను వాళ్లింట్లో చాయ్ తాగుతుండగా పరుగున వచ్చింది.

"తాతా, దొరికిండు! మళ్ల ఎండకాలం రాజు ముంగట పద్యం చదివిండట. ఇల్లు చేరిండు!"

"చేరిండా?"

ముసలాయన కళ్లనిండా నీళ్లు. లేచి అట్టబిళ్ళ తీసి అమూల్య చేతిలో పెట్టాడు. దాని వెనక, అదే మేకుకు, పాత ఇత్తడి బిళ్ళ ఒకటి కనిపించింది.

"అన్నా, గదెవరిది?" అన్నాను.

"మా గని నాగయ్యది. గుండె ఆగి లోపల్నే పోయిండు. దీపం వేరేటోళ్లు తెచ్చిచ్చిండ్రు. బిళ్ళ తీస్కపోను ఆయన రాలే."

దాన్ని చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ మేకుకే తగిలించాడు.