పెండ్లి కారులో గద్వాల జరీ

ఆ రోజుల్లో మా వైపు కారు కనబడిందంటే పెండ్లి ఉందని అర్థం. ఎక్కేది పెండ్లికొడుకు, తోసేది ఊరు. మా ఆయన నడిపిన కారు ఇంగ్లండులో పుట్టిందట. చేతులు మారి మారి గద్వాలకు వచ్చేసరికి ముసలిదైపోయింది. బానెట్ కింద రెండే రెండు ఫ్యూజులు. చిన్న గాజు గొట్టాలు, లోపల సన్నని తీగ. ఒకటి హారన్‌కు, ఇంకొకటి వైపర్లకూ వెనక ఎర్రలైట్లకూ. కరెంటు ఎక్కువైతే ఆ తీగ తాను కాలిపోయి వైర్లను కాపాడుతుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. (నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. తప్పులుంటే ఆమెవి.)

మా పెండ్లయిన కొత్తలో ఆయనకు మొదటి పెండ్లి బాడుగ దొరికింది. పెండ్లికొడుకును గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ చేర్చాలి. ముహూర్తం తప్పితే ఇక ఆ కారును ఎవరూ పిలవరు. అక్కడ మా ఆడబిడ్డ ఉందని నేనూ ముందు సీట్లో ఎక్కాను. వెనక పెండ్లికొడుకు, అతని మేనత్త. వనపర్తి దాటగానే వాన పట్టుకుంది. వైపర్లు కొంచెం ఊగి ఆగిపోయాయి. అద్దం నిండా నీళ్లే, రోడ్డు లేదు.

మా ఆయన గొడుగు పట్టుకుని బానెట్ ఎత్తాడు. "ఫ్యూజు పోయింది. హారన్‌ది ముందే పోయింది, ఇంకోటి లేదు. సిగరెట్ డబ్బల మెరుపు కాయితమన్న ఉంటే నడిపిస్తుంటి."

"మా పిలగాడు సిగరెట్ ముట్టడు," అంది మేనత్త. పెండ్లికొడుకు కిటికీలోంచి బయటికి చూశాడు. (ముట్టేవాడే. ఆ రోజు తెచ్చుకోలేదు.)

మా పుట్టిల్లు మగ్గం ఇల్లు. "వెండి జరీ పనికొస్తదా?" అన్నాను.

"ఒక్క పోగు ఇయ్యి, సూద్దాం."

దిగి, నా పెండ్లి చీర కొంగు చివర పోగు ఒకటి లాగి ఫ్యూజుకు చుట్టాను. మేనత్త కూడా దిగి గొడుగు కిందికి తల దూర్చింది.

"గిదేంది పిల్లా, ఒక్క పోగా? పెండ్లికొడుకు పోయే కారుకు గింత పీనాసితనమా?"

"సాలమ్మా," అన్నాడు మా ఆయన.

"నువ్వు ఊకో నాయనా. జరీ సంగతి మాకు తెల్వదా? సుట్టు పిల్లా, ఇంకింత సుట్టు."

గద్వాలలో జరీని బట్టి ఇంటి పరువు. నా పుట్టింటి పరువు నడిరోడ్డు మీద తడుస్తుంటే ఊరుకుంటానా? కొంగు సగం బోసిపోయేదాకా చుట్టాను. ముహూర్తం తరుముతుంటే ఆయనా వాదించలేదు.

వైపర్లు లేచాయి. కొంత దూరం పోగానే స్టీరింగ్ కింద నుంచి పొగ. జరీ చెక్కుచెదరలేదు, వైర్లు కాలుతున్నాయి. మా ఆయన దూకి, చేతికి తువ్వాల చుట్టుకుని జరీనంతా పీకేశాడు.

"మీ అమ్మోళ్ల జరీ గట్టిదేనే. కాలాల్సింది అది. అది కాలకుంటే కారు కాలుతది."

ఇంజన్‌కు ఆ ఫ్యూజుతో పని లేదు కాబట్టి కారు మాత్రం కదిలింది. మేనత్త నన్ను జరిపి ముందు కూర్చుంది. పెండ్లికొడుకు పట్టు కండువా లాక్కుని, చేయి బయటపెట్టి అద్దం తుడుస్తూ, "జర కుడికి నాయనా, గుంతుంది" అని దారి చెప్పింది. ముహూర్తానికి ముందే చేరాం. పెండ్లికొడుకు పొడిగా, ఆమె తడిసి ముద్దగా.

దిగగానే ఆడపెండ్లివాళ్లతో, "కారు ఆగిపోతే ఈ పిల్లనే జరీతోని బాగు చేసింది" అంది. పొగ మాట ఎత్తలేదు. చుట్టమన్నది తానే కదా.

ఆ మాట పాకింది. బాడుగకు వచ్చినవాళ్లు "మీ ఇంటామె గూడ వస్తదా?" అని అడిగేవాళ్లు. పోయేదాన్ని. ఆయన బానెట్ ఎత్తితే నేనూ దిగి, నడుము మీద చేయి పెట్టి లోపలికి చూసేదాన్ని. ఏది ఏమిటో ఒక్కటీ తెలియదు. "ఏమంటవ్?" అని ఆయన అందరి ముందూ అడిగేవాడు, నవ్వు ఆపుకుంటూ. "వైరు సూడు" అనేదాన్ని.

ఆయన పోయాక కూడా, దారిలో బానెట్ ఎత్తిన కారు కనబడితే నా కాళ్లు ఆగుతాయి, చేయి దానంతటదే నడుము మీదికి పోతుంది. ఏమంటవని ఎవరూ అడగరు. అడిగితే వైరు చూడమనే చెప్తాను.