అత్తమ్మ అడిగిన వాసన

మా అత్తమ్మ పోయింది. రోహిణి కార్తె ఎండలు అప్పుడే మొదలైన ఒక మధ్యాహ్నం, అన్నం తిని నవారు మంచం మీద కాసేపు నడుం వాల్చిందట, మళ్ళీ లేవలేదు. టేకులపల్లిలో మా మెడికల్ షాపులో ఒక ముసలాయనకు ఏ గోలీ పొద్దున వేసుకోవాలో, ఏది రాత్రి వేసుకోవాలో చెబుతుంటే మామయ్య ఫోన్ వచ్చింది. "మీ అత్తమ్మ పలుకుత లేదు. జల్దీ రా బిడ్డా" అన్నాడు. ఫోన్ పెట్టేసి కూడా ఆ ముసలాయనకు మిగతా గోలీల సంగతి మొత్తం చెప్పాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

ఆ పొద్దున్నే ఆమె వాకిట్లో నిలబడి ఆకాశం చూసింది. "ఈసారి మిర్గం ముందే వచ్చేటట్టుంది" అంది. మృగశిర వానల కోసం రైతులు ఎదురుచూసేది విత్తనాలకు. మా అత్తమ్మ ఎదురుచూసేది పుట్టగొడుగులకు, ఇంట్లో వాళ్ళ మాటల్లో కొక్కులకు.

ఆమె గురించి మా ఊళ్ళో ఎవరినడిగినా, మంచిదే గానీ ప్రశ్నలు ఎక్కువ అంటారు. నిజమే. బస్సెక్కితే కండక్టర్‌ను నిద్రలో కూడా విజిల్ వినపడుతుందా అని అడిగేది. మాకు మందుల షాపుండటం ఆమెకు పండగే. "ఈ గోలీకి తలకాయ నొస్తుందని ఎట్ల తెలుస్తది? కాలుకెందుకు పోదు?" అని ఒకరోజు పట్టుకుంది. రక్తంలో కలిసి ఒళ్ళంతా పోతుంది అత్తమ్మా, కాలికి కూడా పోతుంది అన్నాను. కాసేపు ఆలోచించి, "మరి నొప్పి లేని కాలు దాన్నేం చేసుకుంటది?" అంది. నేను చదివిన డి.ఫార్మసీలో దానికి జవాబు లేదు. లేదని చెబితే ఆమెకు భలే సంతోషం.

నా పుట్టిల్లు కుసుమంచి దగ్గర పల్లె. మా అమ్మవాళ్ళింట్లో పొలంగట్టున పుట్టగొడుగు కనిపిస్తే కాలితో తన్నేయడమే తెలుసు. పెళ్ళయిన మొదటి వానాకాలం, అత్తమ్మ టేకాకుల్లో చుట్టుకొని ఇన్ని తెల్లటి మొగ్గలు తెచ్చి నా ముందు పోస్తే భయంతో వెనక్కి జరిగాను. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఎల్లిపాయ వేసి ఆమె కూర వండితే మామయ్య, మా ఆయన ముక్కల కోసం చిన్నపిల్లల్లా కొట్లాడుకున్నారు. నేను పెరుగన్నం తిని పడుకున్నాను. మరుసటి ఏడు మాత్రం కొట్లాటలో నేనూ చేరాను.

అడవిలో దొరికిందల్లా ఆమె తెచ్చేది కాదు. తనకు తెలిసిన చెదపుట్టల దగ్గరికే పోయేది. కాడ వేరులా కిందికి దిగి పుట్ట లోపలికి పోయిందా లేదా అని మన్ను తీసి చూసేది. అన్నీ సరిపోయాక ముక్కు దగ్గర పెట్టుకునేది. అక్కడ ఏమాత్రం అనుమానం వచ్చినా గడ్డిలోకి విసిరేసేది. చివరి మాట ముక్కుదే.

అలాంటి మనిషికి ముక్కు పోయింది. కరోనా జ్వరం మా ఇంట్లో అందర్నీ పట్టి వదిలింది. అందరికీ వాసన తిరిగొచ్చింది, ఆమెకు రాలేదు. ఇంగువ డబ్బాలో ముఖం పెట్టి కూర్చునేది. తాలింపు మాడితే పొగ చూసి తెలుసుకునేది. వానలు దగ్గర పడుతుంటే మా ఆయన గట్టిగా చెప్పేశాడు. "వాసన తెల్వకుండ కొక్కులు ఏంది అమ్మా? ఇంట్ల అందరం పోతం. ఇగ బందు." ఆమె అన్నం సగంలో వదిలేసి లేచింది.

మొదటి ఉరుముల వాన పడ్డ మర్నాడు తెల్లవారకముందే నా రెక్క పట్టి కుదిపింది.

"లే. నీకు ముక్కుంది గదా."

అలా పోయాను ఆమె వెంట. పాములుంటాయని కట్టెతో పుట్ట చుట్టూ తడుతూ ముందు ఆమె, ఎందుకొచ్చానా అని తిట్టుకుంటూ వెనక నేను. ఇప్పచెట్ల అవతల ఒక పుట్ట వారన మొగ్గలు లేచాయి. వేళ్ళతో మన్ను తవ్వి, కాడ విరగకుండా ఒకటి బయటికి తీసి, మన్ను దులిపి నా చేతిలో పెట్టింది.

"ఏం వాసనొస్తంది?"

"పుట్టగొడుగు వాసన."

"పుట్టగొడుగుకు పుట్టగొడుగు వాసన రాక జామకాయ వాసనొస్తదా? సక్కగ చెప్పు."

"తడి మట్టి..."

"అది మట్టిది. మట్టిని పక్కకు పెట్టి చెప్పు."

కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి, "అప్పుడే మర పట్టించిన జొన్నపిండి" అన్నాను.

"వేడి మీదున్న పిండా, సల్లారిన పిండా?"

వేడిదే అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ రోజు కూర వండాక మామయ్య పళ్ళెంలో ముద్ద కలుపుతుంటే ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను. అందరి ప్రాణాలూ నా ముక్కు మీద పెట్టిందని అర్థమై ఆ రాత్రంతా లేచి లేచి అందరి ఊపిరీ విన్నాను.

తర్వాత ప్రతి వానాకాలం ఇదే పని. అటు తిరిగి మన్ను దులిపి ఒక్కోటీ నా చేతిలో పెట్టేది. పిండి, కొబ్బరి చిప్ప, పాత బియ్యం డబ్బా, నానబెట్టిన అటుకులు, ఇలా ఏదో ఒకటి చెప్పేదాకా వదిలేది కాదు. దారిలో పుట్టగొడుగులు అమ్మే కోయ ఆడవాళ్ళనూ అడిగేది. ఒకామె నవ్వి, వాళ్ళ భాషలో ఆ వాసనకు ఒక మాట చెప్పింది. మా ఇద్దరికీ నోరు తిరగలేదు. ఇంటిదాకా అత్తమ్మ దాన్నే నములుతూ నడిచింది.

"ఒకలి ముక్కుకు ఏమొస్తదో ఇంకొకలికి ఎట్ల తెలుస్తది? ఇన్నేండ్ల సంది నేనొక్కదాన్నే వాసన చూసుకున్న, ఎవల్నీ అడగలే" అంది ఒకసారి. ముక్కు పోయినందుకు బాధపడుతోందనుకున్నాను.

ఒక్కసారి మాత్రం మాకు చెడింది. పోయిన వానాకాలం నేను బాగున్నాయన్న గంపెడు పుట్టగొడుగుల్ని ఆమె కాసేపు చూసి, మొత్తం పొదలోకి పోసేసింది. ఏమైందని అడిగితే, "నచ్చలే" అంది. తడిసి, ముళ్ళు గీరుకొని ఏరిన గంప అది. ఖాళీ గంప ఊపుకుంటూ ఆమె కన్నా ముందే ఇల్లు చేరాను. ఆమె ఆ పూట నాకిష్టమని గుడ్డు వేపుడు చేసింది.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, మామయ్యా నేనూ వెనక వాకిట్లో కూర్చున్నాం. పాపం, చివరిదాకా వాసన రాకుండానే పోయింది అన్నాను. మామయ్య నా వైపు వింతగా చూశాడు.

"రాకపోవుడేంది? ఎప్పుడో వచ్చింది. కరోనా వచ్చిన మరుసటి ఎండకాలమే. నా చుట్ట కంపు కొడుతుందని మంచం బయట ఏయించింది గదా. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అంటే నేను వెంట పోయిన రెండో వానాకాలం నుంచి ఆమె అన్నీ తనే వాసన చూసుకుంది. అటు తిరిగి మన్ను దులపడం అందుకే. చూసుకొని, ఏమీ తెలియనట్టు నా చేతిలో పెట్టి, ఏం వాసనొస్తంది అని అడిగింది. నాకు ముందు కోపం వచ్చింది. ఎన్ని రాత్రులు భయపడి పడుకున్నాను! తర్వాత నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆమె నన్ను పరీక్షించిందని నేననుకోను. తనకు వచ్చే వాసనే నాకూ వస్తుందా అని తెలుసుకోవాలనిపించి ఉంటుంది. ముక్కు తిరిగొచ్చిందని చెబితే నేను చెప్పడం మానేస్తానని దాచి ఉంటుంది. ఇది నా ఊహ. అడుగుదామంటే మనిషి లేదు. జీవితమంతా అందర్నీ ప్రశ్నలడిగి, నాకొక ప్రశ్న వదిలిపెట్టి పోయింది.

మిర్గం నిజంగానే ముందొచ్చింది. ఉరుములు విని కూడా నేను దుప్పటి కప్పుకొని పడుకున్నాను. తెల్లారి చూస్తే మామయ్య కట్టె పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పుట్టగొడుగులు తినడమే తప్ప ఏరడానికి ఏనాడూ అడవి ముఖం చూడని మనిషి. ముందు ఆయన, వెనక నేను నడిచాం. ఇప్పచెట్ల అవతల మొగ్గలు లేచే ఉన్నాయి. ఒకటి తవ్వి తీసి వాసన చూశాను. కానీ గంపలో వేయడానికి చెయ్యి రాలేదు.

"నాకు ధైర్యం లేదు మామయ్యా. ఇన్నేళ్ళూ నా వెనక ఆమె చూసుకుంది. ఇప్పుడు నేను తప్పు చెబితే?"

"ఎన్నిసార్లు కాదన్నది మీ అత్తమ్మ?"

"ఒక్కసారి. పోయినేడు పారబోసింది."

"మరి మిగతయన్ని నువ్వు చెప్పినట్టే ఒండింది గదా. తిన్నం గదా." నా చేతిలోని మొగ్గ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఏం వాసనొస్తంది?"

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. "జొన్నపిండి. వేడిది" అన్నాను.

నా చేతిలోంచి తీసుకొని గట్టిగా పీల్చాడు. తల అడ్డంగా ఊపాడు. "కాదు. కొత్త గోనెసంచి."

"గోనెసంచేంది మామయ్యా! జొన్నపిండే. చుట్ట తాగే ముక్కుకు ఏం తెలుస్తది?"

"మీ అత్తమ్మ కూడ గట్లనే అనేది." మళ్ళీ వాసన చూశాడు. "గోనెసంచే."

ఇటివ్వండి, ఇంకోసారి చూస్తాను అని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. కళ్ళు మూసుకొని, దాన్ని ముక్కుకు ఆనించుకొని అలాగే నిలబడ్డాడు. మీసాలకు పుట్టమన్ను అంటుకుంది.