గమ్మున చెప్పు!

ఆ రోజుల్లో బెత్తం పట్టని పంతులు అసలు పంతులే కాదని పెద్దల నమ్మకం. ఇరవై ఏళ్లు నిండీ నిండని నాకేమో నేను శాంతమూర్తినని మహా గర్వం. మా కృష్ణ ఒడ్డున ట్రైనింగు ముగించుకుని, కడప దాటి ఆ మెట్ట ఊరి బడికి చేరిన మొదటి రోజే, అక్కడున్న చింత బరికెను అందరి ముందూ విరిచి అవతల పారేశాను. (మళ్లీ దాని అవసరం రాలేదు. ఎందుకో చెబుతాను, నవ్వకండి.)

బడి మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. ఏడేళ్లుంటాయి. ఎప్పుడూ చింతగింజలతో ఆడుతుండేది కాబట్టి నేనూ చింతగింజ అనే పిలిచేవాణ్ణి. అమ్మానాన్నలు బండల గనిలో పనికి పోతే, ఎనుములు కాసే వాళ్ల జేజి దగ్గర ఉండేది. (నాయనమ్మను అక్కడ జేజి అంటారు, గేదెను ఎనుము అంటారు.) ఆ జేజి చుట్టూ వారం రోజులు తిరిగి, పిల్ల మీద చెయ్యి వెయ్యనని ఒట్టు పెడితే గానీ బడికి పంపలేదు.

ఒకనాడు "మూడు నాలుగులెంత? గమ్మున చెప్పు" అన్నాను. మా వైపు గమ్మున అంటే త్వరగా అని. చెప్పబోతున్న పిల్ల టక్కున నోరు మూసుకుంది. "గమ్మున!" అన్నాను. పెదాలు బిగించింది. మనసులో పది లెక్కపెట్టుకున్నాను. (ట్రైనింగులో నేర్పిన విద్య.) "గమ్మున అంటుంటే నీక్కాదూ!" అని అరిచేసరికి బడంతా నిశ్శబ్దమైపోయింది. వెనక దగ్గుతున్నవాడు దగ్గు కూడా మింగేశాడు. అందరూ ఒక్కటై నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. ఈసారి లెక్క ఆరు దాకా వచ్చిందో లేదో, ఫెడీమని చప్పుడైంది. ఎవరు కొట్టారా అని నిజంగానే అటూ ఇటూ చూశాను. నా చెయ్యే! అంతకన్నా నన్ను వణికించింది ఆ పిల్ల నోరు తెరిచి ఏడవకపోవడం. కళ్లనీళ్లు చుబుకం దాకా కారుతున్నాయి, పెదాలు మాత్రం విడలేదు.

మధ్యాహ్నం సంగటి తెచ్చిన జేజి, చెంప మీది వేళ్ల అచ్చులు చూసింది.

"ఏమప్పా సారూ, చెయ్యి ఎయ్యనని ఒట్టు పెడితివే! ఎందుకు కొడ్తివి?"

"మూడుసార్లు గమ్మున చెప్పమన్నాను. చెప్పదే!"

"గమ్మునంటే నోరు మూసుకోమని గదప్పా! తొందరగా చెప్పాలంటే బిరీన అనాల. నోరు మూసుకోని ఎట్ల చెప్తాది బిడ్డ? నీకేమన్నా తిక్క ఉండాదా?"

చింతగింజ మెల్లగా నోరు తెరిచింది. "ఇప్పుడు చెప్పొచ్చా సార్? పన్నెండు."

చెప్పిన మాట విన్నందుకు కొట్టాను! పిల్లలందరి ముందే చేతులు జోడించి, "తప్పయింది తల్లీ" అన్నాను. జేజి కరగలేదు. "రేపట్నుంచి నా ఎంబడి ఎనుముల కాడికి వస్తాదిలే" అని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు గంట కొట్టి కూడా గడపలోనే నిలబడ్డాను. చాలాసేపటికి వీధి మలుపులో ఎనుములు కనబడ్డాయి, వాటి వెనక జేజి, ఆమె వెనక పలక పట్టుకుని చింతగింజ. "పోతే బడికే పోతానని రాత్రంతా ఒకటే పోరు" అని గొణుగుతూ జేజి బడి అరుగు మీద కాపలా కూర్చుంది. పిల్ల నా ముందుకొచ్చి, ఒక చేత్తో చెంప కప్పుకుని, భయభక్తులతో అడిగింది.

"సార్, ఈ పొద్దు గమ్మునా, బిరీనా?"

"నిదానంగానే చెప్పమ్మా" అన్నాను.

ఆ ఇరవై ఏళ్ల శాంతమూర్తిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అరచెయ్యి మాత్రం ఇంకా చురుక్కుమంటుంది. మనవలు అల్లరి చేస్తే నాకు ఇప్పటికీ గమ్మున కోపం వస్తుంది. వచ్చినప్పుడల్లా గమ్మునుంటాను. మొదటిది మా ఊరి మాట, రెండోది చింతగింజ నేర్పింది.